చింతపండు, బెల్లం, కర్పూరం: అణువుల్లో ఎడమ వాటం, కుడి వాటం

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఏ అంగడికి పోయినా చింతపండు, బెల్లం, కర్పూరం మూడూ దొరుకుతాయి. పులుసుకు ఒకటి, పొంగలికి ఒకటి, ఆరతికి ఒకటి. వాడుకలో వీటికి పొత్తు లేదు. రసాయన శాస్త్ర చరిత్రలో మాత్రం మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, బెల్లంలోని సుక్రోజ్, కర్పూరపు చెట్టు నుంచి తీసిన కర్పూరం, ఈ మూడింటికీ కాంతి కంపించే దిశను పక్కకు తిప్పే గుణం ఉంది. ఆ గుణాన్ని వెంటాడినవాళ్లకే అణువు కాగితం మీద రాసుకునే సూత్రం మాత్రమే కాదని, దానికి పొడవు, వెడల్పు, లోతు ఉన్న ఆకారం ఉందని, ఆ ఆకారంలో ఎడమ కుడి తేడా కూడా ఉందని తెలిసింది.

అణువుకున్న ఈ వాటాన్ని కైరాలిటీ అంటారు. దానివల్ల ఒకే పదార్థానికి రెండు రూపాలు ఏర్పడటాన్ని పాఠ్యపుస్తకాలు దృక్ సాదృశ్యం అంటాయి. ఇంటర్‌లో పరీక్ష కోసం చదివి, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయే అధ్యాయాల్లో ఇదొకటి కావడం నిజంగా బాధాకరం. మన తిండి అరగడం, మందు పనిచేయడం, ముక్కు వాసన పట్టడం అన్నీ దీని మీద ఆధారపడ్డవే. ప్రాణం ఉన్నది తయారుచేసే అణువుకు దాదాపు ఎప్పుడూ ఒకే వాటం ఉంటుంది. మనిషి గాజు పాత్రలో తయారుచేస్తే మామూలుగా ఎడమ వాటం, కుడి వాటం రెండూ సరిసమానంగా వస్తాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా విషయమంతా విడివడుతుంది.

జతలో ఎడమది, కుడిది

కార్బన్ పరమాణువు నాలుగు బంధాలు కలుపుకుంటుంది. అవి ఒకే తలంలో పరుచుకుని ఉండవు. నాలుగు ముఖాల పిరమిడ్ నడుమ కార్బన్ ఉంటే, బంధాలు దాని నాలుగు మూలల వైపు సాగుతాయి. ఆ మూలల్లో నాలుగు వేర్వేరు గుంపులు చేరితే, వాటిని అమర్చడానికి సరిగ్గా రెండు దారులున్నాయి. ఒక అమరిక రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ఎటు తిప్పినా, ఎలా పొర్లించినా ఒకటి రెండోదాని మీద అచ్చంగా కూర్చోదు. జత చెప్పుల్లో ఎడమ కాలిదీ కుడి కాలిదీ ఇట్లాగే ఉంటాయి. తోలు ఒకటే, కొలత ఒకటే, బరువు ఒకటే. అయినా ఎడమది కుడిది కాదు.

ఇలాంటి రెండు రూపాలూ ఒకే వేడి దగ్గర కరుగుతాయి, సాంద్రత ఒకటే, నీళ్లలో కలిసే తీరూ ఒకటే. తక్కెడకు గానీ థర్మామీటర్‌కు గానీ వాటి తేడా దొరకదు. తేడా బయటపడాలంటే సొంత వాటం ఉన్న మరొకటి ఎదురుపడాలి. చెప్పు ఏ కాలిదో కాలికి తెలిసినట్టే, అణువు ఏ వాటానిదో వాటం ఉన్న మరో అణువుకు తెలుస్తుంది. కాంతికి కూడా తెలుస్తుంది.

మామూలు వెలుగు, తాను సాగే దారికి అడ్డంగా అన్ని దిశల్లోనూ కంపిస్తుంది. కొన్ని స్ఫటికాల గుండా, లేదా పోలరాయిడ్ పలక గుండా పంపితే ఒకే దిశలో కంపించే వెలుగు మిగులుతుంది. అదే ధ్రువిత కాంతి. దీన్ని ఎడమకు మెలితిరుగుతూ సాగే భాగం, కుడికి మెలితిరుగుతూ సాగే భాగం రెండూ కలిసినదిగా భావించవచ్చు. ఒకే వాటం ఉన్న అణువుల ద్రావణంలో ఈ రెండు భాగాల వేగాలు రవ్వంత తేడాగా ఉంటాయి. ఒకటి వెనకబడటంతో, బయటికి వచ్చేసరికి కాంతి కంపించే దిశ పక్కకు తిరిగి ఉంటుంది. రెండు వాటాల అణువులూ సరిసమానంగా ఉన్న ద్రావణంలో ఒకటి ఎంత తిప్పితే రెండోది అంతే వెనక్కి తిప్పుతుంది. నికరంగా తిరిగేది సున్నా. అలాంటి కలయికను రెసిమిక్ మిశ్రమం అంటారు.

ద్రవాలకు ఈ గుణం ఉందని 1815లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ బియో గుర్తించాడు. ఆయన పరీక్షించిన వాటిలో టర్పెంటైన్ తైలం, ఆల్కహాల్‌లో కరిగించిన కర్పూరం, చక్కెర నీళ్లు ఉన్నాయి. ద్రవంలో అణువులు ఒక వరసలో నిలబడవు, ఇష్టమొచ్చినట్టు దొర్లుతుంటాయి. అయినా కాంతి తిరుగుతోందంటే కారణం అమరికలో కాదు, ఒక్కొక్క అణువులోనే ఉండాలి. కాకపోతే ఆ రోజుల్లో అణువు ఆకారం గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఆ చిక్కును విప్పింది పులుపు.

పులుపులో దొరికిన తాళంచెవి

నిమ్మలో పులుపు సిట్రిక్ ఆమ్లానిది. మామిడికాయ పులుపులోనూ సిట్రిక్, మాలిక్ ఆమ్లాలదే పెద్ద పాలు. టార్టారిక్ ఆమ్లాన్ని ఎక్కువగా దాచుకునే పండ్లు బహు కొద్ది. వాటిలో ద్రాక్ష ఒకటి, చింత ఒకటి. చింతపండు గుజ్జు బరువులో దాదాపు పదోవంతు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే ఈ ఆమ్లం ఉంటుంది. చింతకాయ పండినా పులుపు వదలకపోవడానికి కారణం ఇదే. రాయలసీమ వంటింటికి ఏడాది పొడవునా పులుపు నిలవ ఉంచేది ఈ ఆమ్లమే.

ఐరోపాలో ఇది ద్రాక్షసారాయి పీపాల అడుగున గట్టిపడే మడ్డి నుంచి దొరికేది. దాని ద్రావణం కాంతిని కుడికి తిప్పుతుంది. థాన్ అనే ఊళ్లోని కెస్ట్‌నర్ కర్మాగారంలో ఒకసారి అనుకోకుండా మరో ఆమ్లం వచ్చింది. మూలకాలు అవే, పాళ్లు అవే, కానీ కాంతిని అసలు తిప్పదు. ఒకే కూర్పు ఉన్న రెండు పదార్థాలు రెండు రకాలుగా ఎందుకున్నాయో పెద్ద పెద్ద రసాయనవేత్తలకే అంతుపట్టలేదు.

1848లో పాతికేళ్ల లూయీ పాశ్చర్ ఈ రెండో ఆమ్లపు సోడియం అమోనియం లవణాన్ని స్ఫటికాలుగా కట్టించి, ఓపికగా చూశాడు. ప్రతి స్ఫటికానికీ ఒక వైపు చిన్న ఏటవాలు ముఖం ఉంది. కొన్నిటికి అది కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు. పట్టకారుతో వాటిని రెండు కుప్పలుగా ఏరి, విడివిడిగా నీళ్లలో కరిగించాడు. ఒక కుప్ప కాంతిని కుడికి తిప్పింది, రెండోది అంతే ఎడమకు తిప్పింది. రెండూ సమానంగా కలిపితే తిరగడం ఆగిపోయింది. కాంతిని తిప్పని ఆ ఆమ్లం వేరే పదార్థం కాదు, ఎడమ కుడి అణువుల సరిపాళ్ల కలయిక. అప్పటికి డెబ్బై నాలుగేళ్ల బియో ఈ సంగతి విని ఊరికే నమ్మలేదు. పాశ్చర్‌ను పిలిపించి, తన కళ్లెదుటే మళ్లీ చేయించుకుని, చూసి పొంగిపోయాడు.

ఈ లవణం దాదాపు 27 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లదనంలో స్ఫటికం కడితేనే ఎడమ స్ఫటికాలు, కుడి స్ఫటికాలు వేరువేరుగా ఏర్పడతాయి. అంతకు మించిన వేడిలో రెండు వాటాల అణువులూ ఒకే స్ఫటికంలో కలిసి కూర్చుంటాయి, ఏరడానికి ఏమీ ఉండదు. పారిస్ చలిదేశపు ఊరు కావడం పాశ్చర్‌కు కలిసొచ్చింది. అదే పాత్రను తిరుపతి వేసవిలో ఆరుబయట పెట్టి ఉంటే ఆ స్ఫటికాలు వాటి గుట్టు విప్పేవి కావు. రసాయన ప్రయోగంలో వాతావరణం కూడా ఒక ముడిసరుకేనని మన ఎండల్లో పనిచేసే ప్రతి ల్యాబ్ విద్యార్థీ గుర్తుంచుకోవాలి.

పదేళ్ల తర్వాత పాశ్చర్ ఇంకో సంగతి గమనించాడు. రెండు వాటాలూ కలిసిన టార్టరేట్ లవణపు ద్రావణంలో ఒక రకం బూజు పెరిగితే, అది కుడికి తిప్పే అణువులనే తిని, ఎడమకు తిప్పేవాటిని వదిలేసింది. కంటికి ఆనని బూజుకు అణువు వాటం తెలుసు. ప్రాణానికీ వాటానికీ లంకె ఉందని చూపిన తొలి రుజువు అది.

దీని వెనక ఉన్న ఆకారాన్ని 1874లో ఇద్దరు యువకులు విడివిడిగా ఊహించారు. ఒకరు డచ్ దేశపు వాంట్ హాఫ్, వయసు 22. రెండోవారు ఫ్రాన్స్‌కు చెందిన లె బెల్. కార్బన్ బంధాలు పిరమిడ్ మూలల వైపు సాగుతాయని వాళ్లు చెప్పిన మాటను జర్మనీలో పేరున్న రసాయనవేత్త కోల్బే పిచ్చి ఊహ అని తిట్టిపోశాడు. కాలం కుర్రవాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, వేరే పరిశోధనకు వాంట్ హాఫ్‌కే దక్కింది. అయితే ఫలానా అణువు నిజంగా ఏ వాటానిదో నేరుగా తేల్చింది 1951లో. నెదర్లాండ్స్‌లో బైఫుట్ బృందం ఎక్స్‌రేలతో ఆ పని చేసింది. వాళ్లు ఎంచుకున్న స్ఫటికం కూడా టార్టారిక్ ఆమ్లపు లవణమే. మన పులుసులో ఉండే ఆమ్లం ఒక శాస్త్రానికి నూరేళ్లు దారి చూపింది.

చెరకు రసం చెప్పే నిజం

చిత్తూరు జిల్లా చెరకుకు, బెల్లానికి పేరుపడ్డది. అనకాపల్లి తర్వాత రాష్ట్రంలో చెప్పుకోదగ్గ బెల్లం మార్కెట్ చిత్తూరుదే. చిత్తూరులో ఒక సహకార చక్కెర కర్మాగారం, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో శ్రీ వేంకటేశ్వర సహకార చక్కెర కర్మాగారం దశాబ్దాల పాటు నడిచి మూతపడ్డాయి. తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లెలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో చెరకు మీద పరిశోధన సాగుతోంది. చెరకు నాణ్యత చూసే చోట, చక్కెర మిల్లు ల్యాబ్‌లో, రెండు మాటలు వినపడుతూనే ఉంటాయి: బ్రిక్స్, పోల్.

రసంలో కరిగి ఉన్న పదార్థం మొత్తం ఎంతో బ్రిక్స్ చెబుతుంది. అందులో చక్కెర ఉంటుంది, లవణాలు ఉంటాయి, జిగురు ఉంటుంది, అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. పోల్ అలా కాదు, కాంతి ఎంత తిరిగిందో చూసి లెక్క కడుతుంది. దీపం, ధ్రువణ పలక, రసం నింపిన గొట్టం, చివర తిప్పి చూసే ఇంకో పలక, ఇవన్నీ ఉన్న పరికరమే పోలారిమీటర్. చక్కెర పరిశ్రమలో ప్రపంచమంతటా ఒకే కొలత పాటిస్తారు. 26 గ్రాముల స్వచ్ఛమైన చక్కెరను నీళ్లలో కరిగించి, 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లకు సరిచేసి, 200 మిల్లీమీటర్ల గొట్టంలో నింపితే పరికరం సరిగ్గా 100 చూపాలి. ఆ స్థానంలో 26 గ్రాముల నమూనా వేస్తే పరికరం చూపిన అంకే అందులోని చక్కెర శాతం. పోల్‌ను బ్రిక్స్‌తో భాగించి నూరుతో గుణిస్తే రసం శుద్ధత తెలుస్తుంది.

కొట్టిన చెరకును ఎండలో ఒకటి రెండు రోజులు వదిలేస్తే ఏమవుతుందో ఈ పరికరం కరాఖండిగా చెప్పేస్తుంది. సుక్రోజ్ కాంతిని కుడికి తిప్పుతుంది. దాని విశిష్ట భ్రమణం 66.5 డిగ్రీలు. చెరకులోని ఎంజైములు, ఆమ్లాలు సుక్రోజ్‌ను నీటితో విడగొట్టి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా చేస్తాయి. గ్లూకోజ్ కుడికే తిప్పుతుంది, కానీ 52.7 డిగ్రీలే. ఫ్రక్టోజ్ ఎడమకు దాదాపు 92 డిగ్రీలు తిప్పుతుంది. రెండూ సమానంగా పుడతాయి కాబట్టి సగటున ఎడమకు సుమారు 20 డిగ్రీలు. అంటే సుక్రోజ్ విరిగేకొద్దీ కుడికి తిరిగే కాంతి తగ్గుతూ, సున్నా దాటి, ఎడమకు తిరగబడుతుంది. అందుకే ఈ మార్పు ఇన్వర్షన్ అయింది, మిగిలిన చక్కెర ఇన్వర్ట్ షుగర్ అయింది. నాలుకకు తీపి తగ్గదు, బ్రిక్స్ అంకె దాదాపు అలాగే ఉంటుంది. పోల్ మాత్రం పడిపోతుంది. కొట్టిన చెరకును రోజు తిరగకముందే ఆడించాలని పెద్దలు తొందరపెట్టేది ఇందుకే.

గానుగ దగ్గర రసంలో సున్నం కలపడానికి కారణమూ ఇదే. చెరకు రసం సహజంగా కాస్త పుల్లటిది. ఆ పులుపుతోనే పెనంలో మరిగితే సుక్రోజ్ చాలావరకు విరిగిపోతుంది. సున్నం ఆ పులుపును చంపుతుంది, రసంలోని మురికి పైకి తేలడానికీ సాయపడుతుంది. సున్నం తగ్గితే పాకం అచ్చు కట్టదు, బెల్లం జిగటగా ఉండి వానాకాలం చెమ్మ పీల్చి కారిపోతుంది. ఎక్కువైతే రంగు నలుపెక్కుతుంది. పోలారిమీటర్ పేరు వినని రైతు కూడా తరతరాల అనుభవంతో ఆ అణువును కాపాడే సరైన పాళ్లు కనిపెట్టాడు. ఆ జ్ఞానానికి శాస్త్రం ఇచ్చే వివరణ ఆ రైతు బిడ్డకు బడిలో అందాలి.

ఇక్కడే ఇంకో సంగతి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ డి వర్గపు చక్కెరలే, అంటే ఆకారంలో ఒకే వాటానివి. అయినా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పుతుంది. అణువు ఆకారానికి పెట్టే డి, ఎల్ గుర్తులు వేరు, కాంతి తిరిగే దిశ వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది విద్యార్థులకు ఈ పాఠం కొరుకుడు పడదు.

చెట్టు కర్పూరం, ఫ్యాక్టరీ కర్పూరం

తిరుమలలో కర్పూరానిది ప్రత్యేక స్థానం. శ్రీవారి గడ్డం మీది అలంకారంలో, తీర్థంలో పచ్చకర్పూరం వాడతారు. పూర్వకాలం నుంచి ఆ పేరుకు తగిన సరుకు బోర్నియో, సుమత్రా అడవుల్లోని ఒక పెద్ద జాతి చెట్టు కాండం నుంచి వచ్చేది. అందులోని పదార్థం బోర్నియోల్. ఆరతికి వెలిగించే కర్పూరం రసాయనికంగా దానికి చుట్టమే కానీ వేరే పదార్థం, తినేది కాదు. అది మొదట్లో తైవాన్, జపాన్ ప్రాంతాల కర్పూర వృక్షాల నుంచి వచ్చేది. ఫిన్లాండ్ రసాయనవేత్త కోంపా 1903లో దాన్ని ప్రయోగశాలలో నిర్మించాడు. నేడు మన అంగళ్లకు వచ్చే ఆరతి కర్పూరం ఎక్కువగా పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి కర్మాగారాల్లో తయారైనదే.

చెట్టు కర్పూరానికీ ఫ్యాక్టరీ కర్పూరానికీ ఘాటు ఒకటే, మంట ఒకటే, అణువులోని పరమాణువుల లెక్క ఒకటే. ఆల్కహాల్‌లో కరిగించి పోలారిమీటర్‌లో పెడితే తేడా తేటతెల్లం. చెట్టుది కాంతిని కుడికి తిప్పుతుంది, విశిష్ట భ్రమణం సుమారు 44 డిగ్రీలు. ఫ్యాక్టరీది దాదాపు సున్నా దగ్గరే నిలుస్తుంది. టర్పెంటైన్‌లోని పైనీన్‌కు వాటం ఉన్నా, తయారీ మధ్యలో ఆమ్లంతో జరిగే చర్యల్లో అణువు చట్రం పదేపదే మారి, ఎడమ కుడి రెండూ కలిసిపోతాయి. యూరోపియన్ ఫార్మకోపియా ఈ రెండు కర్పూరాలకూ వేర్వేరు ప్రమాణాలు రాసుకుంది.

చెట్టు ఒకే వాటంతో ఎలా చేస్తుంది? చెట్టులో అణువును కట్టేవి ఎంజైములు. ఎంజైముకే ఒక వాటం ఉంటుంది కనుక అది ముడిసరుకును ఒక వైపు నుంచే పట్టుకుంటుంది, కొత్త గుంపును ఒక ముఖం మీదనే అతికిస్తుంది. గాజు పాత్రలో అలా పట్టుకునేది ఏదీ లేదు. చదునైన అణువుకు పైనుంచీ కిందినుంచీ దెబ్బ తగిలే అవకాశం సమానం, కాబట్టి రెండు రూపాలూ సమానంగా పుడతాయి.

మందుబిళ్ల మీద రాసి ఉన్నది

మన శరీరంలోని ప్రొటీన్లన్నీ ఎల్ రకం అమినో ఆమ్లాలతో కట్టినవే. కాబట్టి ముక్కులోని గ్రాహకానికి, నాలుకకు, కాలేయంలోని ఎంజైముకు అన్నిటికీ వాటం ఉంది. కార్వోన్ అనే పదార్థంలో కాంతిని ఎడమకు తిప్పే రూపం పుదీనా వాసన ఇస్తుంది. దాని ప్రతిబింబం సోయకూర గింజల్లో ఉంటుంది, వాసన పూర్తిగా వేరు. సీసాలో ఏ తేడా చూపని రెండు అణువులను ముక్కు ఒక్క పీల్పులో విడదీస్తుంది.

మందుల విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించినది. దూలగొండి కాయ నూగు తగిలితే ఒళ్లంతా దురద. ఆ గింజల్లోనే ఎల్-డోపా దండిగా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు. తర్వాత కాలంలో ఎల్-డోపా పార్కిన్సన్ వ్యాధికి ప్రధానమైన మందు అయింది. దాని ప్రతిబింబమైన డి-డోపా రోగికి మేలు చేయకపోగా రక్తంలోని తెల్లకణాలకు హాని చేస్తుంది. కర్మాగారంలో ఎల్ రూపాన్నే ఎక్కువగా పుట్టించే దారిని అమెరికాలో విలియం నోల్స్ చూపాడు. రోడియం లోహానికి వాటం ఉన్న ఫాస్ఫరస్ సమ్మేళనాన్ని జతచేసి, ఎంజైము చేసే పనిని ఒక చిన్న ఉత్ప్రేరకంతో చేయించాడు. 2001లో నోయోరి, షార్ప్‌లెస్‌లతో కలిసి ఆయన నోబెల్ అందుకున్నాడు. లోహం లేకుండా, ప్రోలీన్ వంటి చిన్న సేంద్రియ అణువులతోనే ఆ పని జరుగుతుందని చూపిన లిస్ట్, మెక్‌మిలన్‌లకు 2021లో అదే గౌరవం దక్కింది.

ఈ విషయంలో ప్రపంచం మరిచిపోలేని దుఃఖం థాలిడోమైడ్. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, గర్భిణుల వేవిళ్లకు వాడిన ఈ మందు 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోపు పది వేల మందికి పైగా పిల్లలను అంగవైకల్యంతో పుట్టించింది. అది రెండు రూపాల మిశ్రమం. ఒక రూపం మంచిది, ఒకటి చెడ్డది, మంచిదొక్కటే ఇచ్చి ఉంటే సరిపోయేదని చాలాచోట్ల రాస్తారు. అది సరి కాదు. ఏ రూపం ఇచ్చినా శరీరంలో ఒకటి రెండోదిగా మారిపోతుంది. వాటం తెలిస్తే చాలదు, ఒంట్లోకి వెళ్లాక ఆ వాటం నిలుస్తుందో లేదో కూడా పరీక్షించాలన్నది దాని నుంచి నేర్చుకోవలసిన పాఠం.

మందుల షాపులో ఇచ్చే అట్ట మీద పేరు చదవండి. సెట్రిజిన్ ఉంది, లెవోసెట్రిజిన్ ఉంది. ఒమెప్రజోల్ ఉంది, ఎసొమెప్రజోల్ ఉంది. ఆఫ్లాక్ససిన్ ఉంది, లెవోఫ్లాక్ససిన్ ఉంది. ప్రతి జంటలో మొదటిది రెండు రూపాల మిశ్రమం, రెండోది వాటిలో ఒక్కటే. కొన్నిట్లో ఇలా విడదీయడం వల్ల మోతాదు తగ్గుతుంది. కొన్నిట్లో లాభం స్వల్పం. ఇబుప్రొఫెన్‌లో పనిచేయని రూపాన్ని శరీరమే చాలావరకు పనిచేసే రూపంగా మార్చుకుంటుంది. హైదరాబాదు చుట్టుపక్కల మందుల పరిశ్రమలో వేలాది తెలుగు రసాయనవేత్తలకు రెండు రూపాలను విడదీయడం, కావలసినదే పుట్టించడం రోజువారీ పని.

ఒకే వాటం ఎందుకు?

భూమి మీద బూజు నుంచి మనిషి దాకా ప్రొటీన్లు కట్టే అమినో ఆమ్లాలది ఎల్ వాటం, డీఎన్ఏలోని చక్కెరది డి వాటం. మొదట్లో ఈ ఎంపిక ఎలా జరిగిందన్నది సైన్సు ముందున్న పెద్ద ప్రశ్నల్లో ఒకటి. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో కొన్ని అమినో ఆమ్లాల్లో ఎల్ రూపం కొంత ఎక్కువగా ఉందని 1997లో క్రోనిన్, పిజారెల్లో ప్రకటించారు. జపాన్‌లో సొఐ 1995లో కనుగొన్న ఒక చర్యలో రవ్వంత మొగ్గు పెద్ద మొగ్గుగా పెరుగుతుంది. చిన్న తేడా ఎక్కడి నుంచో వచ్చి, ఇలాంటి చర్యల్లో పెరిగి ఉండవచ్చు. గట్టి సమాధానం ఇంకా రావాలి. అంగారకుడి మీద తిరుగుతున్న క్యూరియాసిటీ రోవర్‌లోనూ అణువుల వాటం వేరుచేసి చూసే సామగ్రి ఉంది. ఒకే వాటం ఎక్కడ ఎక్కువగా దొరికితే, అక్కడ జీవం కోసం వెతకడం న్యాయం.

ఇలాంటి ప్రశ్నలకు తిరుపతి దూరపు ఊరు కాదు. 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 2015లో ఐసర్, ఐఐటీ వచ్చాయి. పునాది మాత్రం ఊరి బడిలో పడాలి, అందుకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్ నుంచి వచ్చేది ధ్రువిత కాంతే. తెర తెల్లగా ఉంచి, దాని ముందు గాజు గ్లాసులో చిక్కటి పంచదార పాకం పెట్టి, పోలరాయిడ్ కళ్లద్దాన్ని తిప్పుతూ చూడండి. ఒక కోణంలో తెర నల్లబడుతుంది, పాకం ఉన్నచోట మాత్రం రంగులు వెలుగుతాయి. నీలి కాంతి ఎక్కువ, ఎరుపు తక్కువ తిరగడమే ఆ రంగులకు కారణం. పక్కనే ఉప్పునీళ్ల గ్లాసు పెడితే ఏ రంగూ రాదు. అదే పాకంలో నిమ్మరసం పిండి, బాగా మరిగించి, చల్లార్చి మళ్లీ చూస్తే రంగులు మారి ఉంటాయి, గానుగ దగ్గర సున్నం ఆపేది ఆ మార్పునే. ఇంటర్ విద్యార్థికి ముందు ఇది చూపించి, ఆ తర్వాత బోర్డు మీద పిరమిడ్ గీస్తే అది కంఠతా పట్టవలసిన బొమ్మగా ఉండదు, తాను కళ్లారా చూసిన దానికి కారణంగా అర్థమవుతుంది. అణువు ఆకారాన్ని ఇంత చవకగా, ఇంత నిక్కచ్చిగా చూపే ప్రయోగం మరొకటి దొరకదు. చెరకు పండే ఈ నేల మీది ప్రతి బడిలోనూ ఇది జరగాలి.